దుమ్ముగూడెం కల్లంలో నేను ఏరిన మిరపకాయలు

వ్యవసాయ సహకార సంఘాల మీద ముప్పై పేజీల ప్రాజెక్టు రాసి, ఒక్క సంఘాన్నైనా కళ్ళతో చూడని ఎంబీఏ విద్యార్థి ఎవరని అడిగితే, సవినయంగా చెయ్యెత్తేది నేనే. మా మేడమ్ ఆ పేజీలన్నీ తిరగేసి, "బాగుంది. ఇప్పుడు వెళ్ళి చూసి రా" అన్నారు. దుమ్ముగూడెం దగ్గర చిన్న రైతులూ కూలీలూ కలిసి నడుపుకుంటున్న మహిళల మిర్చి సంఘం సంగతి చెప్పింది కూడా ఆవిడే. మార్చి నెల. మెడలో మా బావ కెమెరా, గుండెల్లో గ్రామీణ భారతం. బయలుదేరాను.

ఖమ్మంలో ఐదున్నరకు బస్సెక్కితే కొత్తగూడెం మీదుగా తొమ్మిది దాటాక భద్రాచలం చేరింది. టికెట్టు యాభై పైచిలుకు. అడవి మొదలయ్యే చోట కిటికీ సీటు కోసం పోట్లాడటం వృథా, రెండు వైపులా టేకు చెట్లే. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, పదిహేను రూపాయల షేర్ ఆటోలో పదకొండో మనిషిగా ఒదిగాను. ఎక్కడికని డ్రైవరు అడిగాడు. చెప్పాను.

"మిర్చి సంఘం కాడికా సారూ? ఫోటోలకా?"

"రీసెర్చికి" అన్నాను గంభీరంగా.

"గదే, ఫోటోలకే" అన్నాడు, గేరు మారుస్తూ.

కల్లం చేరేసరికి పదకొండు. నేలంతా పట్టాల మీద ఎర్రగా మిర్చి, ఒక పక్క రేకుల షెడ్డు, తాగునీళ్ళ కుండలు, నోటికి గుడ్డలు కట్టుకుని కాయలు ఏరుతున్న పదిహేను మంది ఆడవాళ్ళు. ప్రెసిడెంటు మరియమ్మ గారు నలభై దాటిన మనిషి, మాట తక్కువ. సంఘం పద్ధతులు నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆడకైనా మగకైనా ఒకటే కూలి. పన్నెండు నుంచి మూడు దాకా ఎవరూ ఎండలో కూర్చోరు. రంగు తెల్లబడ్డ తాలు కాయ మంచి కాయలో కలవకూడదు. ఎవరు ఏరిన బస్తాకు వాళ్ళు తమ చీర పేలిక ఒకటి కట్టాలి.

"పేలిక ఎందుకండీ?"

"సావుకారి కల్లంల ఏరినప్పుడు మా పేరు ఎవలికి తెల్సు? ఇప్పుడు పేలికే మా పేరు" అంది.

ఇరవై రెండు బస్తాలు ఆ సాయంత్రం నాలుగింటికి డీసీఎం వ్యానులో ఖమ్మం మార్కెట్‌కి పోవాలి. మధ్య దళారి లేకుండా సంఘం పంపుతున్న మొదటి సరుకు అది. ఒక్క బస్తాలో తాలు దొరికినా మొత్తం సరుకుకు ధర కోస్తారట. ఆ ఇరవై రెండింట్లో ఒకటి ముత్తమ్మది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి కల్లాల్లో కూలికి ఏరిన ముత్తమ్మ, సంఘంలో చేరింది ఈ ఏడే. పచ్చ పేలిక నాకు చూపించి, "నేనైతే ఖమ్మం మార్కెట్ సూడలే తమ్మీ. నా గుడ్డన్న సూస్తది" అని నవ్వింది.

పన్నెండైంది. అందరూ షెడ్డులోకి వచ్చారు. ముత్తమ్మ బస్తా నిండటానికి ఇంకో గంపెడు కాయ మిగిలింది. అప్పుడు నాలోని మహనీయుడు లేచాడు. "నువ్వు పడుకో అక్కా, ఇది నేను ఏరుతా. మాది ముదిగొండ. మిర్చి మధ్యనే పుట్టిన" అన్నాను. పుట్టింది నిజమే. ఏరింది లేదు.

"ఏరుడు వస్తదా మరి?"

"ఏంది అక్కా, ముదిగొండోణ్ణి పట్టుకొని గట్లంటవ్?"

నీడలోకే గంప లాగి ఇచ్చింది. పావుగంట శ్రద్ధగా ఏరాను. తర్వాత చేతులు మండాయి. చెమట తుడుచుకోబోయి కన్ను ముట్టుకున్నాను, భద్రాచలం రాముడు అక్కడే కనిపించాడు. అందరూ కునుకు తీస్తున్నారు. మిగిలిన ముప్పావు గంప అలాగే బస్తాలో గుమ్మరించి, పైన నేను ఏరిన మంచి కాయ పరిచాను. ఏ దళారుల మోసం గురించి నా ప్రాజెక్టులో ఆరు పేజీలు రాశానో సరిగ్గా అదే. లేచిన ముత్తమ్మ పైన చూసి, "మంచిగ ఏరినవ్" అంది. దబ్బనంతో మూతి కుట్టి పేలిక కట్టింది. నేను దానికి ఫోటో కూడా తీశాను.

మూడున్నరకు వ్యాను వచ్చింది. ఎక్కించే ముందు మరియమ్మ గారు మూడు బస్తాలు విప్పి చూసింది. మూడోది పచ్చ పేలికది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీస్తే గుప్పెట్లో సగం తాలు.

"ఈ గుడ్డ ఎవలిది?"

"నాదే" అంది ముత్తమ్మ. నా వైపు చూడను కూడా చూడలేదు.

వెనక నుంచి ఎవరో, "సావుకారి కల్లంల అలవాటు యాడికి పోతది" అన్నారు. ఇంకెవరో నవ్వారు. నేను కెమెరాలో బ్యాటరీ చూసుకుంటున్నాను. బ్యాటరీ నిండుగానే ఉంది. టీలు వచ్చాయి, నేనూ ఒకటి తీసుకున్నాను. ముత్తమ్మ తీసుకోలేదు. ఒక్కో బస్తా ఎక్కుతుంటే ఆమె తన బస్తా పక్కనే నిలబడింది, దవాఖానాలో ఎవరి మంచం పక్కనో నిలబడ్డట్టు. ఇరవై ఒకటీ ఎక్కాక, డ్రైవరు డోరు వేస్తుంటే, నా నోరు పెగిలింది.

"అది ముత్తమ్మక్క ఏరలేదండీ. నేను పోసిన. ఏరకుండ పోసిన."

మరియమ్మ గారు నా వైపు తిరిగింది. "చెప్పినవ్, మంచిదే. గంట కింద చెప్తే మేమందరం కూసోని ఏరుతుంటిమి, బస్తా గూడ పోతుండె."

వ్యాను ఆగదు. తెల్లవారి బేరానికి అది ఖమ్మంలో ఉండాలి. పోయింది.

నేను బస్తా మళ్ళీ పట్టా మీద పోశాను. ముత్తమ్మ ఎదురుగా కూర్చుంది. తిడితే బాగుండు అనిపించింది. తిట్టలేదు. "ఎలుతురుకు పట్టి చూడు. గిది తాలు. గిది మచ్చ. రెండూ పక్కన వెయ్యి" అని నేర్పింది, అంతే. చివరి ఆటో టైముకు గంపెడు కాయ అయింది. "ఎందుకు చెప్పలేదక్కా, నేనే పోసిన్నని?" అని అడిగాను. "గుడ్డ కట్టింది నేను గదా" అంది, తల ఎత్తకుండా.

తిరుగు బస్సులో ఈ సంగతి హాస్యంగా ఎలా రాయాలా అని ఆలోచించాను. కుదరలేదు. నాకు మార్కులు రెండు నెలల్లో వస్తాయి, ఆమెకు మిర్చి మళ్ళీ ఏడాదికి వస్తుంది. వాళ్ళ దగ్గర గొప్పగా ఉన్నది షెడ్డూ కుండలూ కాదు, తన చెయ్యి పడిన దానికి తాను నిలబడటం. నేను ముప్పై పేజీల్లో ఎక్కడా ఆ సంగతి రాయలేదు. రాసి ఉన్నా, ఆ టీ తాగినంతసేపూ నాకు గుర్తొచ్చేది కాదేమో.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: దుమ్ముగూడెం నుంచి చివరి షేర్ ఆటో ఐదున్నరకు, కాబట్టి పొద్దున్నే చేరుకోండి. సాయం చేయాలని చేతులు దురద పెడితే ఏరడానికి కూర్చోకండి, బస్తాలు మొయ్యండి. అందులో మోసం చేస్తే ఎదురుగానే తెలిసిపోతుంది.