బావగారు చూస్తూ ఊరుకున్న టైమింగు

మా బావగారు మంచి మెకానిక్కే, కాదనను. మనిషి మాత్రం నిలువెల్లా విషం. ముప్పై ఏళ్లుగా మా షెడ్డులో పాత పెట్రోలు లారీలకు టైమింగు పెడుతున్నారు. ఇంజను చప్పుడు వింటే చాలు, ప్లగ్గులో నిప్పు ముందు పడుతోందో ఆలస్యంగా పడుతోందో చెప్పేస్తారు. ఆ విద్య ఒక్కడికీ నేర్పలేదు. ఎవరైనా వంగి చూస్తే బానెట్టు దించేస్తారు. "అడగందే అమ్మైనా పెట్టదు" అంటారు. తీరా అడిగితే మొహం తిప్పుకుంటారు.

మా ఆయన నడుం విరిగి మంచాన పడ్డాక లారీ నేను తోలుతున్నాను. అది బావగారికి కంట్లో నలుసయింది. క్వారీ మేనేజరేమో, గురువారం ఒక లోడు గుట్ట ఎక్కిస్తే ఏడాది పని నాకే అన్నాడు. ఎక్కించలేకపోతే వేరేవాళ్లకి. టైమింగు చూడమని బావగారిని రెండుసార్లు బతిమాలాను.

"ఆడది తోలే బండి మీద నేను చెయ్యి వెయ్యను" అన్నారు.

సరే, నాకూ చేతులున్నాయి. నిప్పు ఎప్పుడు పడుతోందో చూపించే టైమింగు లైటు పక్క షెడ్డులో అడిగి తెచ్చుకున్నాను. ఇంజను నడుస్తుండగానే, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు నట్టు వదులు చేసి, లైటు వెలుగులో పుల్లీ మీద గీత ముల్లుకు ఎదురుగా వచ్చేదాకా తిప్పి బిగించాను. ఆయన స్టూలు మీద కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటూ అంతా చూశారు.

గుట్ట సగంలో బండికి లాగుడు పోయింది. రేడియేటరు సలసలా మరిగింది. చక్రాల కింద రాళ్లు పెట్టి, లోడంతా ఇంకో లారీలోకి మార్చారు. పని ఆ లారీవాడికే పోయింది. అతనే నా ఇంజను చూసి తల కొట్టుకున్నాడు.

"కార్బురేటరు దగ్గర్నుంచి వచ్చే ఈ సన్న గొట్టం ఊడదీసి, మూతి మూసి చూడాలక్కా. లేకపోతే లైటు అబద్ధం చెబుతుంది, నిప్పు ఆలస్యంగా పడి ఇంజను ఇలా మరిగిపోతుంది. ఇంట్లో అంత మెకానిక్కుని పెట్టుకుని, ఆయన చెప్పలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి నేరుగా షెడ్డుకే వెళ్లాను.

"గొట్టం తియ్యలేదని మీరు చూశారు కదా బావగారూ?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"గొట్టం సంగతి నువ్వడిగావా?"

ఒళ్లు మండిపోయింది. షెడ్డు మా ఆయనది. బావగారి స్పానర్లన్నీ ఏరి సంచిలో వేసి, బయట పెట్టి, తాళం వేశాను. సంగతి చెబితే మంచం మీంచి మా ఆయన వద్దనలేదు.

బావగారు వంగి ఆ సంచి ఎత్తుకున్నారు.

"అమ్మాయ్, నేనిప్పుడు ఎక్కడికెళ్లి పని చేసుకోను?" అన్నారు.

పాత బండ్లు తెలిసిన మెకానిక్కు కోసం వెతుకుతున్న షెడ్లు రెండు నాకు తెలుసు. చెప్పలేదు.