గలీజన్న చొక్కా

ఖతార్‌లో కొత్తగా దిగిన ఆ రోజుల్లో నాకు ఎండకన్నా, అరబ్బీకన్నా ఒక్క మాటంటే ఎక్కువ భయం. గలీజు! మా గోదావరి వైపు బట్ట మాస్తే మురికి అంటాం, కాలవ పక్కన ముక్కు మూసుకుని కంపు అంటాం, అక్కడితో సరి. ఉమ్ సలాల్‌లో నేను డ్రైవరుగా చేరిన ఇంటి వంటవాడు, నా గదిలోనే ఉండే నిజామాబాద్ అన్న, ఆ మాటను దేనికైనా వాడేవాడు. పళ్ళు తోమకుండా టీ తాగితే గలీజు. తడి తువ్వాలు మంచం మీద వేస్తే గలీజు. ఎవడైనా బూతులు తిడితే అవి గలీజు మాటలు, వాడిది గలీజు ఖాందాన్. (నేను మనసులో ఆయనకు గలీజన్న అని పేరు పెట్టుకున్నాను.)

ఇంతా చేసి ఈ మహానుభావుడు చొక్కా ఉతకగా నేనెన్నడూ చూడలేదు. "ఉతికితే రంగు పోతది తమ్మీ. అత్తరు కొట్టు, అయిపాయె," అనేవాడు. చెమట మీద అత్తరు, అత్తరు మీద పోపు, దాని మీద మళ్ళీ చెమట. ఛీ!

నా ట్రయల్ రోజు వచ్చింది. ఇంటి పెద్దావిడ నా కారెక్కి సరేనంటేనే ఉద్యోగం, లేకపోతే తిరుగు విమానమే. సరిగ్గా ఆ పొద్దున్నే దుమ్ముగాలి లేచి, ఆరేసిన నా ఒక్కగానొక్క తెల్లచొక్కా ఇసుక రంగుకొచ్చింది.

"గట్ల గలీజుగ పోతవారా? ఇజ్జత్ పోతది. నాది తొడుక్కో," అని గలీజన్న తన చొక్కా ఇచ్చాడు. తొడుక్కున్నాను. బుద్ధుండాలి కదా!

అల్ సద్‌లో క్లినిక్‌కి బయలుదేరాం. అద్దాలు మూసి ఏసీ వేయగానే వాసన నిద్రలేచింది. పెద్దావిడ ముక్కుకు ముసుగు అడ్డం పెట్టుకుని, అంత మండుటెండలోనూ అద్దం దించేసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ ముందుకు వంగి ఇంకోసారి వాసన చూసి, "యే స్మెల్ కిచెన్ మే భీ! యల్లా, ఘర్!" అంది. వంటింట్లోనూ ఇదే వాసనట, బండి ఇంటికి తిప్పమంది.

తిన్నగా వంటింట్లోకే వెళ్ళింది. ఉల్లిపాయలు వేయిస్తున్న గలీజన్న పక్కన ఒక్క నిమిషం నిలబడి, గుమ్మం వైపు చెయ్యి చూపించింది. ఆ ఇంట్లో ఆయన వంట అంతటితో ఆఖరు. ఆ చొక్కా ఆయనదేనని తేలాక, నాకు మాత్రం రెండు కొత్త చొక్కాలు కొనిపెట్టి డ్యూటీ ఖాయం చేశారు.

ఆయన్ని అల్ షహానియాలో వాళ్ళ ఒంటెల దొడ్డికి పంపారు. వారం తిరక్కుండా ఫోను. నా పొట్ట కొట్టావంటూ శాపనార్థాలు పెడతాడనుకున్నాను.

"తమ్మీ, ఈ ఒంటెలు మస్తు గలీజు రా! ఒక్కటన్న మూతి కడుక్కోదు!"

ఇప్పుడు గది నా ఒక్కడిదే. హాయిగా ఉండొచ్చు కదా! నాకేం రోగమోగానీ, శుక్రవారం సెలవు దొరికితే చాలు, ఆ దొడ్డికే పోయి, ఆ చొక్కా పక్కనే కూర్చుని, ఆయన వండిన కూర రెండోసారి అడిగి మరీ వడ్డించుకుంటాను.