జరాదా దిబ్బ మీద నేను ఊదని విజిల్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ నవ్వే. బహ్రెయిన్‌లోని గుదైబియాలో మేం ఆరుగురం ఉండే ఫ్లాట్‌లో ఒకసారి బాత్రూం కుళాయి దానంతటదే తిరుగుతోందని మావాళ్లు రెండు వారాలు సరిగా నిద్రపోలేదు. ఒకడు గుమ్మానికి నిమ్మకాయ కూడా కట్టాడు. నేను వెళ్లి కుళాయి విప్పి, అరిగిపోయిన వాషర్ తీసేసి కొత్తది వేశాను. దయ్యం మళ్లీ రాలేదు. నిమ్మకాయ పప్పులో పిండుకున్నాం.

అలాంటి మనిషిని నేను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పేది విని నన్ను పిరికివాడి కింద జమకట్టొద్దు.

మాది జగిత్యాల వైపు. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లయింది. మా ఊరివాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే, వాళ్ల లెక్కలో నేను ఉన్నది దుబాయిలోనే. నా పనిని సైట్లో హోల్ వాచ్ అంటారు. పేరు ఘనంగా ఉంటుంది గానీ చేసేది కూర్చోవడమే. భూమిలో కట్టిన పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకుల్లోకి మనుషులు దిగి గోడలకు కోటింగ్ కొడతారు. లోపల గాలి ఆడదు, కోటింగ్ మందు వాసనకు కళ్లు తిరుగుతాయి. పైన మూత దగ్గర ఒక మనిషి కూర్చుని ఎవరు దిగారు, ఎవరు పైకొచ్చారు అని చూస్తుండాలి. ఏ కాస్త తేడా కనిపించినా విజిల్ ఊది అందర్నీ పైకి రప్పించాలి. ఆ మనిషి లేవకూడదు, ఫోన్ చూడకూడదు, కునుకు అసలే తీయకూడదు. లోపలివాడు మాటిమాటికీ పైకి చూస్తూ ఉంటే పని సాగదు. పైన మనవాడు ఉన్నాడులే అన్న ధీమా మీదే వాడి చేతులు ఆడతాయి.

పదకొండేళ్లలో నేను మూత దగ్గర ఒక్కసారి కూడా రెప్ప వాల్చలేదు. గొప్పలు అనుకోండి, పొగరు అనుకోండి, ఉన్న మాట అది. నా విజిల్‌కి నాదంటూ ఒక పద్ధతి కూడా ఉంది. రెండు పొట్టివి, ఒక పొడుగుది, మళ్లీ ఒక పొట్టిది. పక్క ట్యాంకు వాళ్లదానితో కలవకూడదని నేనే పెట్టుకున్నాను. మా గ్యాంగు వాళ్లకు తప్ప ఇంకెవరికీ దాంతో పని లేదు.

గంగాధర్ ఆ గ్యాంగులోనివాడు. కోరుట్ల దగ్గర ఊరు, ఇరవై తొమ్మిదేళ్లు, ఫ్లాట్‌లో నా పక్క మంచం. ఈ సంగతి జరిగేటప్పటికి అతనికి బిడ్డ పుట్టి ఐదు నెలలు, ఫోన్‌లో చూడటమే తప్ప ఎత్తుకున్నది లేదు. పోయిన చలికాలం ఇంకో నెలలో సెలవు మీద ఇంటికి వెళ్తాడనగా ఒకటే గోల పెట్టాడు. అందరూ చాక్లెట్లు, సబ్బులు మోసుకుపోతారు, నేను నా బిడ్డకు దుకాణంలో దొరకనిది తీసుకుపోతా అని. దొరకనిది ఏంట్రా అంటే గవ్వలు అన్నాడు. అది కూడా జరాదా గవ్వలు.

జరాదా అంటే సముద్రం మధ్యలో ఒక ఇసుక దిబ్బ. ఆటు వచ్చి నీళ్లు తగ్గినప్పుడు తేలుతుంది, పోటు వస్తే మునిగిపోతుంది. చెట్టు లేదు, గుడిసె లేదు, ఏమీ లేదు. శుక్రవారం మాకు సెలవు. చేపల పడవ నడిపే ఒక బెంగాలీ భాయ్‌ని మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాం. ముందు రోజు నేను ఓవర్‌టైం చేసి ఉన్నాను. విజిల్ గదిలో మేకుకు తగిలించే వచ్చాను. సెలవు రోజు దాంతో ఏం పని?

భాయ్ మమ్మల్ని దించి, దగ్గర్లో వేసిన చేపల బోనులు ఎత్తుకుని రెండు గంటల్లో వస్తానని, ఈ లోపు ఎక్కడికీ పోవద్దని చెప్పి వెళ్లాడు. దిబ్బ తెల్లగా, శుభ్రంగా ఉంది. మేం తప్ప పురుగు లేదు. మధ్యలో ఒక పల్లం, అందులో చీలమండలు తడిసేంత నీళ్లు. పల్లం అవతల ఇంకో దిబ్బ. మంచి గవ్వలన్నీ అక్కడే ఉన్నట్టు కనిపించాయి.

అప్పుడు నేను చేసిన తప్పు ఇది. "నువ్వు పో, నేను చూస్తుంటా," అన్నాను.

రోజూ ట్యాంకు మూత దగ్గర ఇదే మాట అంటాను. ఏళ్ల తరబడి అలవాటైన మాట, నోటికి అదే వచ్చింది. గంగాధర్ కూడా రోజూ విన్నట్టే విన్నాడు. ప్లాస్టిక్ సంచి పట్టుకుని పల్లం దాటి అవతలికి వెళ్లిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేను టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, టవల్ పరుచుకుని, నడుం వాల్చాను.

ఎంతసేపు గడిచిందో, ఎవరో నా భుజం పట్టుకుని ఊపేస్తుంటే మెలకువ వచ్చింది. కళ్లు తెరిస్తే చుట్టూ పొగమంచు. పది అడుగుల అవతల ఏముందో కనిపించడం లేదు. గంగాధర్ ఛాతీ దాకా తడిసి, పళ్లు టకటకలాడుతూ నా ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. సంచి మాత్రం వదల్లేదు.

"నీ విజిల్ లేకపోతే నేను ఖలాస్ అన్నా," అని ఏడ్చేశాడు.

మెల్లగా చెప్పాడు. మంచు కమ్మేసరికి దిక్కు తెలియలేదట. ఇటువైపే అనుకుని నడుస్తుంటే నీళ్లు మోకాళ్లకొచ్చాయి, నడుముకొచ్చాయి. అతనికి ఈత రాదు. పల్లమే కదా, దాటేస్తానని ముందుకే పోతున్నాడట. అప్పుడు వీపు వెనకాల నుంచి విజిల్ వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది, ఒక పొట్టిది. అంటే అతను నడుస్తున్నది లోతు సముద్రంలోకి. వెనక్కి తిరిగి, ఆ విజిల్ పట్టుకునే వచ్చాడు.

నా చెయ్యి మెడ మీదికి పోయింది. విజిల్ లేదు. ఉండదని నాకు తెలుసు. నోటితో ఈల వేశానేమో అనుకుందామంటే, నాకు ముందు పన్ను ఒకటి లేదు. ఎంత ఊదినా గాలే వస్తుంది. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసి, టవల్ తీసి అతని భుజాల మీద కప్పాను.

కాసేపటికి పడవ వచ్చింది. మంచులో దిబ్బ ఎలా కనుక్కున్నావని అడిగితే, ఇందాక విజిల్ విని పడవ ఇటు తిప్పానన్నాడు భాయ్. ఎలాంటి విజిల్ అన్నాను. నోటితో ఈల వేసి చూపించాడు. రెండు పొట్టివి, ఒక పొడుగుది, ఒక పొట్టిది. అతను మా సైట్ గేటు కూడా ఎప్పుడూ చూడలేదు.

గదికి రాగానే మేకు దగ్గరికి వెళ్లాను. విజిల్ అక్కడే, నా చొక్కా కింద వేలాడుతోంది. తడి లేదు, ఇసుక లేదు. రోజంతా గదిలోనే ఉన్న ఇద్దరిని అడిగాను, దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ తర్వాత నా బతుకు సన్మానాల పాలైంది. గంగాధర్ కనిపించినవాళ్లందరికీ కథ చెప్పాడు. పొద్దున పని మొదలయ్యే ముందు జరిగే మీటింగులో సేఫ్టీ ఆఫీసర్ నన్ను ముందుకు పిలిచి, హోల్ వాచ్ అంటే ఇలా ఉండాలి, సెలవు రోజు కూడా డ్యూటీ మరవలేదు అని చప్పట్లు కొట్టించాడు. గంగాధర్ భార్య వీడియో కాల్ చేసి, బిడ్డ చేత నాకు దండం పెట్టించింది. "మీరు కండ్లల్ల పెట్టుకొని చూసిన్రు అన్నా," అంది. ఆ మాటకు నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఆ వారం నేను మూత దగ్గర కూర్చుంటే, లోపలికి దిగేవాళ్లు ఎప్పటిలాగే నా వైపు చూడకుండా దిగిపోయేవాళ్లు. వాళ్ల నమ్మకం ఎవరి మీద?

గంగాధర్ ఇంటికి వెళ్లే రోజు విమానానికి ఇంకా టైముందని ఎయిర్‌పోర్టు పక్కనున్న అరాద్‌లో ఒక కెఫెటీరియాలో చాయ్ తాగాం. సంచిలో గవ్వలు గలగలమంటున్నాయి. ఇక ఆపుకోలేకపోయాను.

"నేను ఊదలేదురా. పండుకున్న," అన్నాను.

గంగాధర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకెరుకే అన్నా," అన్నాడు.

"నీకెట్ల ఎరుక?" అన్నాను.

"నేను దిబ్బ ఎక్కి నీ దగ్గరికొచ్చేసరికి నువ్వు ఎల్లకిల పండుకొని గుర్రు కొడుతున్నవ్. నీ మెడల విజిల్ లేదు. గని విజిల్ మోగుడు ఆగలేదన్నా. నీ పక్కనే, గింత దూరంల మోగుతుండె. ఆడ మనిషి లేడు, ఏం లేదు. నీ భుజం పట్టి లేపిన. నువ్వు కండ్లు తెరిచినంకనే ఆగింది."

"మరి నేనే ఊదిన అని అందరికీ ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు పండుకున్నవని చెప్పి నీ ఇజ్జత్ తియ్యాల్నా?" అన్నాడు. సంచి భుజానికి వేసుకుని లేచాడు. "యల్లా అన్నా, పోదాం, టైమైంది."

అతను ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లేదాకా చూసి, బస్సెక్కాను. దారంతా లెక్కలు వేశాను. వేరే పడవ అనుకుంటే, ఆ విజిల్ నా పక్కనే ఎలా మోగుతుంది? గాలి అనుకుంటే, గాలికి నా పద్ధతి ఎవరు నేర్పారు? ఇద్దరూ భయంలో ఊహించుకున్నారనుకుంటే, పడవలో ఉన్నవాడికి భయమెందుకు? కుళాయికి వాషర్ మార్చినట్టు దీనికీ ఏదో ఒకటి దొరుకుతుందని ఇప్పటికీ వెతుకుతున్నాను. దొరకలేదు.

దయ్యాలను నేను ఇవాళ కూడా నమ్మను. రోజూ మూత దగ్గర కూర్చుంటున్నాను, విజిల్ ఇప్పుడు సెలవు రోజు కూడా మెడలోనే ఉంటుంది. ఒక్క సంగతే నాకు తేలడం లేదు. ఆ రోజు నేను నిద్రపోతే, నా డ్యూటీ చేసిందెవరు?