మాట పడిపోయిన హెలికాప్టర్

1998 వానాకాలంలో కాట్రేనికోన దగ్గర ఒక గ్యాస్ కంపెనీ హెలిప్యాడ్‌లో నన్ను మార్షలర్‌గా వేశారు. దిగే హెలికాప్టర్‌కి ఎదురుగా నిలబడి చేతులతో సైగ చేసేవాణ్ణి మార్షలర్ అంటారు. అంతకుముందు అక్కడే ఫైర్ హెల్పర్‌ని. నా చదువు అయిదో తరగతి. రిటైరయ్యాక ఆ వానాకాలంలో ఒకరోజు జరిగిన సంగతి రాయమని మావాళ్లు ఒకటే పోరుతుంటే పెన్ను పట్టాను. తప్పులుంటే సర్దుకోండి.

సముద్రంలో గ్యాస్ కోసం బావి తవ్వే రిగ్గు ఉండేది. అక్కడ డ్యూటీ అయిపోయినవాళ్లని హెలికాప్టర్ తెచ్చి మా దగ్గర దించేది. రిగ్గు మీంచి లేవగానే పైలట్ రేడియోలో చెప్పాలి. తీరం దాటేటప్పుడు మళ్లీ చెప్పాలి. ఆ రెండో కబురు వినగానే మేం గేటు వేసి, ఫైర్ బండి స్టార్ట్ చేసి, ప్యాడ్ మీద మేకలుంటే తోలేసేవాళ్లం. మా రేడియో ఆపరేటర్ మూర్తి గారు. ఎయిర్‌పోర్టు టవర్ వాళ్లు కూడా ఆ హెలికాప్టర్ మాటలు వింటూనే ఉంటారు.

ఆ రోజు మధ్యాహ్నం లేచినట్టు కబురొచ్చింది. రెండోది రాలేదు. మూర్తి గారు పిలిచి పిలిచి చివరికి టవర్‌కి ఫోన్ చేశారు. వాళ్లకీ వినపడటం లేదు. పలకని దాన్ని టవర్ వాళ్లు ముందు అనుమానం కింద పెడతారు. ఇంకాసేపు పలక్కపోతే ఆందోళన. అప్పటికీ లేకపోతే వెతకడానికి పంపుతారు.

"అనుమానంలో పెట్టేరు సత్తిబాబూ," అన్నారు మూర్తి గారు. "రేడియో ఒక్కటే పోయుంటే తిన్నగా ఇక్కడికే వస్తాడు. ఓ చుట్టు తిరిగి నీ చేతులకోసం చూస్తాడు. నువ్వు ప్యాడ్ వదలకు."

టీ తెచ్చినాయన ఈ మాటలు విన్నాడు. కాట్రేనికోన సెంటర్లో అది "హెలికాప్టర్ మాట్లాడట్లేదంట" అయింది. ఉప్పలగుప్తం చేరేసరికి "సముద్రంలో పడిపోయిందంట" అయింది. ఇక చూడండి. ఆటోలు, సైకిళ్లు, ట్రాక్టరు తొట్టెల నిండా జనం. రెండో కబురు రాలేదు కాబట్టి మేం గేటు వెయ్యలేదు. అందరూ వచ్చి ప్యాడ్ మీదే నిలబడ్డారు.

అందరికన్నా ముందు సుగుణమ్మ గారు వచ్చారు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ప్రకాశం రిగ్గు మీద వంట హెల్పరు. ఆ హెలికాప్టర్లోనే వస్తున్నాడు. ఆవిడ చర్చిలో ఆడవాళ్ల కూటానికి పెద్ద. వచ్చీ రాగానే నా చొక్కా పట్టుకున్నారు.

"ఉన్నదున్నట్టు చెప్పు బాబూ. పడిపోయిందా?"

"తెలీదండి అత్తయ్యగారూ. పలకట్లేదు, అంతేనండి."

"పలక్కపోతే పోయినట్టేనా?"

"కాదండి."

ఆవిడ నా చొక్కా మాత్రం వదల్లేదు.

అంతలో సముద్రం వైపు కొబ్బరి మొవ్వుల మీంచి చప్పుడు వినపడింది. "వచ్చేశాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. అంతే, తువ్వాళ్లు, కండువాలు, చేతులు, అన్నీ పైకి లేచాయి. ఏడ్చేవాళ్లు, ఎగిరేవాళ్లు, ఈలలేసేవాళ్లు. హెలికాప్టర్ వెనకాలే నల్లగా వాన కమ్ముకొస్తోంది. వాన ముందు అందుకుంటే ప్యాడ్ కనపడదు. ఇంకోచోట దిగమని చెప్పడానికి రేడియో లేదు.

మామూలు రోజైతే కాస్త ఆగమని మూర్తి గారు రేడియోలో చెప్పేవారు. ఆ రోజు మాకు మిగిలిన భాష నా రెండు చేతులే. అన్ని చేతుల మధ్య నావి ఏవో పైలట్‌కి ఎలా తెలుస్తాయి? ఆయన ఒక చుట్టు తిరిగారు. దిగలేదు. మావాళ్లు ఫైర్ సైరన్ మోగించారు. సంబరానికి మోగించారనుకుని జనం ఇంకా గట్టిగా ఈలలేశారు.

నా పక్కన ఒక పెద్దాయన తువ్వాలు గిరగిరా తిప్పుతున్నారు. "చేతులు దించండి బాబూ, తప్పుకోండి!" అన్నాను.

"మా బావమరిది వస్తుంటే ఊపొద్దంటారేంటండీ! కంపెనీ వాళ్లది మరీ జులుమైపోయిందండీ!"

రెండో చుట్టు. తొలి చినుకులు నా మొహం మీద పడ్డాయి. నేను సుగుణమ్మ గారి చెవి దగ్గర అరిచాను. "అత్తయ్యగారూ, వీళ్లు ప్యాడ్ దిగితే గానీ మీవాడు దిగడండీ!"

ఆవిడ ఒకసారి పైకి చూశారు. నా చొక్కా వదిలేశారు. మైకు లేకుండా కూటం నడిపే గొంతు అది.

"ప్రార్థన చేద్దాం! అందరూ గడ్డిలోకి వచ్చి మోకరించండి!"

ముందు ఆవిడ కూటం ఆడవాళ్లు కదిలారు. వాళ్ల వెనక మిగతావాళ్లు. తువ్వాలాయన ఒక్కరే నిలబడిపోయి, "మాకు మీ ప్రార్థన రాదు కదండీ," అన్నారు.

"మీ దేవుణ్ణే తలుచుకోండి. తల మాత్రం వంచండి."

"ఆయ్," అని ఆయనా పోయి మోకాళ్లూనారు.

ప్యాడ్ ఖాళీ. నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. గాలి ఎటుందో చెప్పే గుడ్డసంచి వైపు చూసి, గాలికి వీపు పెట్టి, రెండు చేతులూ ఎత్తాను. మూడో చుట్టు తిరగబోతున్న హెలికాప్టర్ ముక్కు నావైపు తిరిగింది. దగ్గరికి రమ్మన్నాను, వచ్చింది. చేతులు రెండూ కిందికి చాపి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాను. దిగమని సైగ అది. దిగింది. దుమ్ము, ఎండాకులు జనం మీంచి ఎగిరిపోయాయి. తలలు వంచి ఉన్నారు కాబట్టి ఒక్కరి కంట్లో కూడా పడలేదు.

రెక్కలు ఆగాక ప్రకాశాన్ని తీసుకొచ్చాను. సుగుణమ్మ గారు ప్యాడ్‌కి వీపు పెట్టి ఇంకా ప్రార్థనలోనే ఉన్నారు. వాడు భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా," అన్నాడు.

"ఆమెన్ కాలేదు, ఉండ్రా," అన్నారు, కళ్లు తెరవకుండానే. వాడూ పక్కనే మోకాళ్లూనాడు. అప్పుడు దంచింది వాన.

హెలికాప్టర్ రేడియోలో ఒక వైరు కాలిపోయిందని తర్వాత తేల్చారు. ఎవరి చేతులు చూడాలో తెలీక వెనక్కి తిరిగి పోదామనుకున్నానని పైలట్ గారు చెప్పారు.

ఆ తర్వాత మా ప్యాడ్‌లో గేటు మొదటి కబురుకే వేసేవాళ్లం. టీ రేడియో గది బయటే అందుకునేవాళ్లం. ఇంకొకటి రూల్స్‌లో లేదు గానీ, కొత్తగా చేరిన ప్రతి హెల్పర్‌కీ నేను చెప్పేవాణ్ణి. భయపడ్డ జనాన్ని తప్పుకోమంటే తప్పుకోరు. వాళ్లకి చెయ్యడానికి ఏదో ఒక పని చెప్పాలి. అదీ వాళ్లు నమ్మే మనిషి చేత చెప్పించాలి.