కాంటా కింద గింజలు

2025 వానాకాలం. కోదాడలో మా రేషన్ షాపు. డీలర్‌గా ఉండి ఉండి నా తల నెరిసింది. కోపిష్టిదాన్నని వాడలో పేరు కూడా ఉంది. క్యూలో కొట్లాడుకునేవాళ్ల మధ్య మెత్తగా ఉంటే షాపు నడవదు మరి.

ఆ నెల బియ్యం ఇచ్చే గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది. గడువు దాటితే వేలిముద్రల మిషన్ ఒప్పుకోదు, ఆ నెల బియ్యం పోయినట్టే. నలుగురైదుగురే మిగిలారు. అప్పుడు ఒకామె క్యూలో నిలబడకుండా పక్కనుంచి వచ్చింది.

"అక్కా, షాపు ఊడ్సిపెడ్త. కాంటా కింద పడ్డ గింజలు నన్ను తీస్కపోనిస్తవా?"

ఆ గింజలు రోజూ పక్కింటి కోళ్లకు పోతాయి. "నీకెన్ని కోళ్లున్నయే?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "పిల్లలకక్కా" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. కూర్చోబెట్టి వివరం అడిగాను. పేరు కరుణ. వాడపల్లి నుంచి భర్తతో కలిసి ఇళ్లు కట్టే పనికి వచ్చింది. అతను పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతణ్ణి చూసుకుంటూ ఆమె కూడా పనికి పోలేదు. పొద్దున కాచిన గంజితో ఇంట్లో బియ్యం అయిపోయాయి.

"కార్డు లేదా?"

"ఉన్నదక్కా. కని మా ఊరిది. నెలనెలా మిర్యాలగూడల బస్సు మారి పోయి తెచ్చుకుంటం. ఈసారి ఆయన్ని ఇడిసి పోలేకపోయిన."

నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. రాష్ట్రంలో ఏ ఊరి కార్డు మీదైనా ఏ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు. దాన్ని మేం పోర్టబిలిటీ అంటాం. ఆ సంగతి రాసిన కాగితం మా షాపు గోడకే అంటించి ఉంది.

"గీడ్నే ఇస్తరే పిచ్చిదానా. ఉరుకు, కార్డు పట్కరా."

"గీడ తీస్కుంటే మా ఊర్ల పేరు కొట్టేస్తరంట గదక్కా?"

"ఎవ్వరు కొట్టెయ్యరు. నాది పూచీ."

ఉరికి వెళ్లి కార్డు తెచ్చింది. ఇక అంతా అయిపోయినట్టే అనుకున్నాను. కానీ సిమెంటు పనికి వేళ్లు అరిగిపోయి, ఏ వేలు పెట్టినా మిషన్ కాదంది. ఇలాంటప్పటికి ఐరిస్ ఉంది, కంటిపాపను చూసి మనిషిని గుర్తుపట్టే పరికరం. అది కంటి ముందు పెడితే ఆమెకు ఏడుపు ఆగదు, తడి కళ్లను అది చదవదు. చీకటి పడుతోంది.

"ఏడుపు బంద్ చెయ్, కండ్లు పెద్దగ తెరువు" అని కసిరాను. ఇంకా ఎక్కువ ఏడ్చింది.

క్యూలోని ముసలమ్మ ముందుకొచ్చింది. "మీ అత్తను యాద్జేస్కో బిడ్డా, కండ్లు అవే పెద్దగైతయి."

కరుణ ఫక్కున నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. స్లిప్పు బయటికొచ్చింది. హమ్మయ్య అని నేను బియ్యం బస్తా మీదే కూలబడ్డాను.

బియ్యం మూట కట్టుకుని కూడా ఆమె చీపురు అందుకుంది. వద్దన్నా వినలేదు. షాపంతా ఊడ్చి, గింజలన్నీ కోళ్ల గిన్నెలో పోసింది. "ఇగ ఇవి కోళ్లయే అక్కా" అని మూట నెత్తిన పెట్టుకుని వెళ్లింది.

గోడకు కాగితం అంటిస్తే అందరికీ తెలిసినట్టేనని మా డీలర్లకు ఒక ధీమా ఉంటుంది. నాకు ఆ ధీమా పోయింది. ఇప్పుడు వాడలో కొత్త ముఖం కనిపిస్తే నేనే ఆపి అడుగుతాను, "మీది ఏ ఊరి కార్డు? ఇంట్ల బియ్యం ఉన్నయా?"