ఏం లేదు, తర్వాత చెప్తా

జిప్పులమ్మ నోట్లో ఎప్పుడూ గుండుసూదులే. పెదవుల మధ్య నాలుగైదు సూదులు కరిచిపట్టుకుని, చేతిలో ఎవరిదో కోటు, ఒళ్ళో ఇంకెవరిదో ప్యాంటు పెట్టుకుని, ముప్పయ్యొక్క ఏళ్ళుగా మెట్ల కింది కొట్టులో పాడైన జిప్పులు విప్పి కొత్తవి వేస్తోంది. ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మిగిలిపోయిన పని సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటుంది, సూదులతో సహా.

ఆ సూదుల వల్ల ఒక్కడికి తప్ప ఎవరికీ నష్టం జరగలేదు. ఆ ఒక్కడూ ఆమె కొడుకు. వాడికి పుట్టుకతోనే చెవులు వినిపించవు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకోమని బడిలో నేర్పారు. అమ్మ పెదవుల వంక చూస్తే సూదులు కనిపించేవి. వాడేం పోల్చుకుంటాడు పాపం? ఈ సంగతి ఆమెకు తట్టడానికి పాతికేళ్ళు పట్టింది. కన్నతల్లికే అంతకాలం పడితే ఇక ఊళ్ళోవాళ్ళను అనుకుని ఏం లాభం?

ఆ బడిలో వేయించింది ఆమె అన్నయ్య. నలుగురిలో తిరిగే మనిషి, నాలుగు సంగతులు తెలిసినవాడు, భర్త పోయిన చెల్లెలికి ఆయన మాటే వేదం. బడి హెడ్మాస్టరు మొదటిరోజే తేల్చి చెప్పాడు, సైగలు చెయ్యనిస్తే వీడికి నోరు రాదని, చేతులు కదిపితే ఒకటి వెయ్యమని. ఆమె వేసింది. గుడ్డ కొలిచే చెక్క కొలబద్దతో వేళ్ళ కణుపుల మీద, వాడికి పదమూడేళ్ళు వచ్చేదాకా. నోరు మాత్రం రాలేదు. పదిహేనో ఏట ఆటస్థలం మూలన తనలాంటి పిల్లల గుంపు ఒకటి కనిపించింది వాడికి. వాళ్ళ దగ్గర వాడు సైగల భాష నేర్చుకుని, ఎన్నో ఏళ్ళుగా లోపల దాచుకున్న మాటలన్నీ కొద్ది నెలల్లోనే బయటపెట్టేశాడు. ఇంటి బయట మాత్రమే.

ఇంట్లో తల్లీకొడుకుల మధ్య ఓ ముప్పై సైగలు ఉండేవి. తిను, పడుకో, తాళం, వాన, నొప్పా, ఇలాంటివి. చుట్టాలొచ్చి కబుర్లు చెప్పుకుంటుంటే వాడు ఒక్కొక్కరి మొహం మారి మారి చూసేవాడు. అందరూ నవ్వినప్పుడు వాడూ ఓ క్షణం ఆలస్యంగా నవ్వి, ఆమె భుజం తట్టి, ఏంటని కళ్ళతో అడిగేవాడు. ఆమె చెయ్యి గాల్లో ఇలా అని ఊపేది. ఏం లేదు, తర్వాత చెప్తా. ఆ తర్వాత ఏనాడూ రాలేదు.

వాడికిప్పుడు ఇరవైతొమ్మిదేళ్ళు. అచ్చాఫీసులో పుస్తకాలు బైండు చేస్తాడు. రెండేళ్ళ క్రితం పై గదిలో ఒక వడ్రంగి అద్దెకు దిగాడు. అతనికీ చెవులు వినిపించవు. తలుపు ఒరుసుకుంటోందని సరిచెయ్యడానికి ఒకరోజు కిందికి వచ్చాడు. అప్పటినుంచి రాత్రి భోజనం ముగ్గురూ కలిసే. మనకు గుట్టుగా మాట్లాడుకోవాలంటే పక్కగదిలోకి పోవాలి, గొంతు తగ్గించాలి. ఆ ఇద్దరికీ ఆ బాధ లేదు. ఆమె వడ్డిస్తూంటే ఆమె ముక్కు ముందే అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఆమెకు రాని భాషే వాళ్ళకు తలుపు, గొళ్ళెం కూడా.

పోయిన ఏడు ఆమె పిత్తాశయంలో రాళ్ళు తీశారు. కొడుకు మూడు రోజులు మంచం పక్కనే కూర్చున్నాడు. నీళ్ళా? నొప్పా? దుప్పటా? అంతే, మాటలు అయిపోయాయి. పక్క మంచం మీది అమ్మాయి వాళ్ళమ్మకు ఫోనులో గంటల తరబడి ఏవేవో చెప్పుకుంటోంది, చెప్పులు తెగిన సంగతితో సహా. జిప్పులమ్మకు కడుపులో కుట్లకన్నా ఆ కబుర్లు ఎక్కువ నొప్పి పెట్టాయి.

కుట్లు మానగానే కొడుక్కి తెలియకుండా సైగల భాష క్లాసులో చేరింది. శనివారం మధ్యాహ్నాలు, గ్రంథాలయం మీది అంతస్తులో. కొట్టులో పని ఎక్కువైందని వాడికి అబద్ధం చెప్పింది. వాడి ముప్పయ్యో పుట్టినరోజుకు చేతులు విప్పి ఆశ్చర్యపరచాలని ఆమె కోరిక. టీచరమ్మ కూడా వినికిడి లేని మనిషే, క్లాసులో నోరు తెరవనిచ్చేది కాదు. మొదటిరోజు అందరికీ చీటీలు పంచి, మీ పిల్లల గురించి ఏం అడగాలనుందో రాయమంది. జిప్పులమ్మ మూడు రాసింది. ఇది నా వల్ల వచ్చిందా? దీన్ని నయం చెయ్యొచ్చా? నా తర్వాత వాడికెవరు?

టీచరమ్మ చీటీలన్నీ చదివి బోర్డు మీద రాసింది. "అందరూ ఇవే అడుగుతారు. మీ వల్ల కాదు. ఇది రోగం కాదు. వాడికి ఎవరో కావాలంటే ముందు మీరే ఉండండి. అందుకే కదా వచ్చారు." అక్కడితో ఆగి, బోర్డు తుడిచేసి, అమ్మ అనే సైగతో పాఠం మొదలుపెట్టింది.

ఐదో నెలలో ఒక సాయంత్రం, భోజనాల బల్ల దగ్గర, వడ్రంగి చేతుల్లోంచి ఉప్పు అనే మాట ఊడిపడింది. జిప్పులమ్మ ఉలిక్కిపడింది. కూరలో ఉప్పు తక్కువైందంటున్నాడు. ఆ సంతోషంలో ఆమెకు తిట్టు కూడా పొగడ్తలాగే తోచింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు, ఉప్పు డబ్బా కూడా అతని వైపు జరపలేదు, గుట్టు బయటపడుతుందని. మర్నాడు మిషను, యజమాని, సెలవు అనే మాటలు దొరికాయి. మరో రెండు వారాలకు వాళ్ళ మాటల దారం అందుకుంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ మాట.

"ఎప్పుడు చెప్తావు?" అని అడిగాయి వడ్రంగి చేతులు.

"అమ్మకా?" అంటూ కొడుకు మూడు వేళ్ళు దగ్గరికి చేర్చి పెదవుల మధ్య పెట్టుకున్నాడు. రెండేళ్ళుగా ఆ సైగ చూస్తూ, తిండి గురించేమో అనుకుంది. అది సూదులు. అది తన పేరు.

"దేంతో చెప్పను? మా మధ్య ఉన్నవి ముప్పై మాటలు. నువ్వు నావాడివన్న సంగతి అందులో ఎక్కడ ఇరికించను?"

"కాగితం మీద రాయి. మగవాళ్ళమైనా ప్రేమించుకున్నామని రాయి."

"రాశాను. నెలాఖరుకి మన కొత్త గది చేతికొస్తుంది కదా. వెళ్ళేరోజు కుట్టుమిషను మీద పెట్టి పోదాం. ముందే తెలిస్తే మామయ్యకు చెప్తుంది. ఆయన ఎవడో డాక్టరు పేరు చెప్తాడు. ఈవిడ నన్ను తీసుకెళ్తుంది. పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యడం తప్ప ఈవిడకి ఇంకోటి తెలీదు. ఆ కొలబద్ద ఇంకా సొరుగులోనే ఉంది."

ఆమె లేచి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ముందు భయం వేసింది, లోకం ఏమంటుందోనని. తర్వాత కోపం వచ్చింది, ఇంత జరుగుతుంటే తనకు తెలియలేదని. సిగ్గు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, వచ్చింది మరి పోలేదు. మర్నాడు కొట్టులో ఒక కోటుకు జిప్పు తిరగేసి కుట్టింది. ముప్పయ్యొక్క ఏళ్ళలో అదే మొదటిసారి.

మింగలేక కక్కలేక రోజులు గడిచాయి. తెలుసని చెబితే ఆ చేతులు తన ముందు ఆగిపోతాయి. చెప్పకపోతే నెలాఖరు రానే వస్తుంది, ఒక కాగితం మిగులుతుంది. రోజూ సాయంత్రం వడ్డిస్తూ దొంగలా వాళ్ళ మాటలు ఏరుకునేది. పెట్టె కొన్నారు. పరుపు ఏ రంగుదో తేల్చుకోలేకపోతున్నారు. ఒకరోజు కొలబద్ద కోసం సొరుగు లాగితే దాని కింద మడత పెట్టిన కాగితం కనిపించింది. ఇక్కడ దాస్తే ఆమె చూడదనుకున్నాడో, చూడాలనే పెట్టాడో తెలియదు. ఆమె విప్పలేదు. కొలబద్ద తీసుకోకుండానే సొరుగు మూసేసింది.

ఆ శనివారం క్లాసు అయ్యాక ఒక చీటీ రాసి టీచరమ్మ చేతిలో పెట్టింది. టీచరమ్మ అది చదివి, అలమారలోంచి మొదటిరోజు చీటీ వెతికి తీసి పక్కన పెట్టింది. అక్షరం తేడా లేదు. అవే మూడు ప్రశ్నలు.

"ఇంకో కొడుకున్నాడా?" అని అడిగాయి టీచరమ్మ చేతులు.

"లేడు. వాడే. ఇప్పుడు చెవుల గురించి కాదు. వాడికి మగవాడంటే ప్రేమ."

టీచరమ్మ ఆశ్చర్యపోలేదు. "మీలో ఉన్నట్టే మాలోనూ ఉంటారు. నా జవాబులూ అవే. నీ వల్ల కాదు, రోగం కాదు. అయినా ఈ ప్రశ్నలు రెండుసార్లూ నన్నే అడిగావు. వాణ్ణి ఎప్పుడైనా అడిగావా?"

"మా మధ్య భాష లేదు" అన్నాయి జిప్పులమ్మ చేతులు, తడుముకోకుండా.

టీచరమ్మ ఆ చేతుల వంక చూసి, రెండు చీటీలూ ఆమెకే ఇచ్చేసింది.

నెలాఖరుకి మూడు రోజులుందనగా ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది, నోట్లో సూదులు. కొడుకూ వడ్రంగీ బల్ల దగ్గర ఉన్నారు. అన్నయ్య వాళ్ళకు వీపు పెట్టి కుర్చీ వేసుకుని, టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మేనల్లుడు పెదవులు చదువుతాడని ఆయనకు బాగా తెలుసు.

"కంగారు పడకుండా వినవే చెల్లీ. నిన్న సినిమా హాలు బయట చూశాను వీళ్ళిద్దర్నీ. వాడి భుజం మీద తల పెట్టుకుని నించున్నాడు మనవాడు. సంగతి నీకు అర్థమైందనుకుంటా."

ఆమె తల ఊపింది.

"ఇలాంటివాళ్ళను దారిలో పెట్టే డాక్టరు ఒకాయన ఉన్నాడు. మాట్లాడాను. ఎల్లుండి తీసుకెళ్దాం. ఎక్కడికని వాడికి చెప్పకు, చెవుల పరీక్షకని చెప్పు. రెండు నెలలు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారట."

కొడుకు లేచి వచ్చి, ఎప్పటిలాగే ఆమె భుజం తట్టాడు. ఏంటని కళ్ళతో అడిగాడు. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ గాల్లోకి లేచింది, ఇలా అని ఊపడానికి.

ఊపలేదు. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీది చిన్న దిండుకు గుచ్చింది. కుర్చీ కొడుకు వైపు తిప్పుకుంది. రెండు చేతులూ పైకెత్తి, మొదటి మాట నుంచి మొదలుపెట్టింది. సినిమా హాలు. భుజం. డాక్టరు. ఎల్లుండి. నీకు చెప్పొద్దన్నాడు. చెవుల పరీక్షకని చెప్పమన్నాడు. రెండు నెలలు.

కొడుకు మొహంలో రక్తం లేదు. వడ్రంగి సగం లేచి అలాగే నిలబడిపోయాడు.

"ఏంటా చేతులు? వాడికి చెప్తున్నావా?" అన్నాడు అన్నయ్య.

"నువ్వన్నదే చెప్తున్నా అన్నయ్యా. కలపట్లేదు, తీసెయ్యట్లేదు. ఆ దారిలో పెట్టడం అన్నావే, అక్కడ చెయ్యి తడబడింది. మళ్ళీ చెప్పు, కాస్త మెల్లగా."

"వాడి ముందు ఎందుకే ఇవన్నీ?"

"వాడి గురించేగా."

ఆ ముక్క కూడా ఆమె చేతులు చెప్పేశాయి. అన్నయ్య మొదటిసారి కుర్చీ తిప్పి మేనల్లుడి మొహం చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలి చెవిలో అంత తేలిగ్గా వేసిన మాట ఆ పిల్లవాడి కళ్ళలోకి చూసి అనలేకపోయాడు.

"వాడి మంచికేనే నేను చెప్పేది. అప్పుడు నా మాట వినబట్టేగా వాడు నాలుగక్షరాలు నేర్చుకుని బతుకుతున్నాడు."

"అప్పుడు నీ మాట విని వాడి చేతుల మీద కొట్టాను" అంది ఆమె. ఈసారి గొంతూ చేతులూ కలిసి కదిలాయి. "కొట్టింది నేను, నువ్వు కాదు. నిన్నేం అనను. కానీ ఎల్లుండి వాడెక్కడికీ రాడు. నేను పంపను."

అన్నయ్య సగం టీ వదిలేసి లేచాడు. గుమ్మం దగ్గర కుడి చెప్పులో ఎడమకాలు దూర్చి, మళ్ళీ తీసి, మెట్లు దిగాడు.

గదిలో ముగ్గురే మిగిలారు. వడ్రంగి తన చేతులు బల్ల కిందికి దాచుకున్నాడు, అవేదో తప్పు చేసినట్టు.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు కొడుకు.

"నేర్చుకోబట్టి ఆరు నెలలు."

"అర్థమవుతున్నది?"

"ఉప్పు దగ్గర్నుంచి."

వడ్రంగి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కొడుకు మాత్రం నవ్వలేదు. ఈమె ముందు ఏమేం మాట్లాడుకున్నారో లెక్కేసుకుంటున్నాడు. "వెళ్ళిపోతున్నామని తెలుసా? ఉత్తరం?"

"తెలుసు. కొలబద్ద కింద ఉంది. చదవలేదు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"భయం వేసింది. తెలుసంటే నా ముందు మాట్లాడుకోవడం మానేస్తారని."

అంతే, వాడి చేతులు లేచాయి. ఎన్నేళ్ళ కోపమో, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చింది. బడి, కొలబద్ద, చుట్టాలు, నవ్వులు. ఆమెకు పదింట్లో ఒకటి కూడా అందలేదు. "మెల్లగా" అని వేడుకుంది. వాడు ఆగిపోయాడు. చిన్నప్పుడు ఆమె పెదవుల ముందు నిలబడి వాడు కళ్ళతో అడిగింది అదే.

వాడు సొరుగు తెరిచి, ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇందులో ఏముంది? నువ్వే చెప్పు."

కొడుకు చెయ్యి గాల్లో ఇలా అని ఊగింది. ఏం లేదు, తర్వాత చెప్తా.

కావాలని అన్నాడో, చేతకాక అన్నాడో, అది ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆమె చేతులు ఖాళీ చేసుకోలేదు, వాటితో చెప్పాల్సింది ఉంది.

"తర్వాత వద్దు. ఇప్పుడే చెప్పు. అతన్నీ కూర్చోమను."

వడ్రంగి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. కొడుకు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని, మొదలుపెట్టాడు. మొదటి మాట ఆమెకు అర్థం కాలేదు. ఆగమని, మళ్ళీ చెప్పమంది. వాడు మళ్ళీ చెప్పాడు.