అమావాస్య ఆదివారం తీసిన దిష్టి

సర్వత్ర సంచరించి సర్వానికీ సాక్షియైన వాయుదేవునికి నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమీ భానువారం నాడు, మార్కాపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని, జరిగినదాన్ని జరిగినట్లే వ్రాస్తున్నాను.

దయ్యాలను గాని, దిష్టిని గాని నేను ఏనాడూ నమ్మినవాడిని కాను. జీవితమంతా తెలుగు పండితుడిగా పనిచేశాను. కావ్యాలలోని శాపాలెన్నో చదివి చెప్పాను; పుస్తకం మూయగానే అవీ ముగిసేవి.

మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, పలకల వ్యాపారి. ఒక్క పద్యమైనా తప్పు లేకుండా అప్పగించలేడు. అతని కూతురు పరిశోధన కోసం దక్షిణధ్రువ ఖండానికి వెళ్ళింది. అక్కడి గాలిని యంత్రంతో లాగి, అందులో తేలే కంటికానని రేణువులను తెల్లని వడపోత కాగితాల మీద పట్టడం ఆమె పని. ఒకే మూలకంలో బరువు తేడా గల పరమాణువులుంటాయట, వాటిని ఐసోటోపులంటారు. వాటి పాళ్ళు కొలిస్తే ఆ రేణువు సముద్రం నుంచి వచ్చిందో, డీజిలు పొగలోదో, మొక్క కాలగా పుట్టిందో తెలుస్తుందట. వారానికొకటిగా ఏడాది పొడుగునా పట్టిన ఆ కాగితాలే ఆమె సర్వస్వం. అవి చెడితే డాక్టరేటు లేదు.

ఆ పిల్లకు అక్షరాభ్యాసం చేయించింది నేను. పత్రికలో ఫోటో పడింది తండ్రిది. తర్లుపాడు బస్సులో ఎవరో "ధ్రువం పాప వాళ్ళ నాయన" అంటూ లేచి అతనికి సీటిచ్చారు. పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడిన నన్ను ఎవరూ పలకరించలేదు. నా కొడుకు కనిగిరిలో మందుల దుకాణం నడుపుతున్నాడు. నాకు అసూయ కలిగింది. ఈనాటికీ ఉంది, దాచను.

క్రోధి నామ సంవత్సర ఆషాఢ అమావాస్య ఆదివారం నాడు పడింది. ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పిల్ల అక్కడ ధ్రువంలో తన వడపోత యంత్రం ఉన్న గదిలో నిలబడి వీడియో కాల్‌లో మాట్లాడుతోంది. మరదలు గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని సెల్‌ఫోను చుట్టూ తిప్పుతోంది.

"ఫోనుకు తీస్తే నాకు పోతాదా అమ్మా?" అని పిల్ల నవ్వింది.

"నువ్వు ఊరుకోమే. ఊరోళ్ళ దిష్టి, ఇరుగుపొరుగు దిష్టి, అయినోళ్ళ దిష్టి..." మరదలు నన్ను చూసింది.

"నా దిక్కు చూస్తావేంది తల్లీ?"

"అయినోళ్ళలో నువ్వు లేవా బావా?"

"అన్న దిష్టి పెట్టినా శ్లోకం చదివే పెడతాడు లేవే!" అని తోడల్లుడు పగలబడి నవ్వాడు.

నేను నవ్వలేదు. పిల్ల వెనుక యంత్రంలో తెల్లని కాగితం కనిపిస్తోంది. దాని మీద ఒక్క మచ్చ పడితే బాగుండునని నా మనస్సులో మెదిలింది.

మరదలు ఫోను నా చేతికిచ్చి, పెరట్లో నీళ్ళపొయ్యి నిప్పుల మీద ఆ గుప్పెడూ వేసింది. కాయలు చిటపటలాడి నల్లబడ్డాయి. పొగ లేచింది గాని ఘాటు లేదు. వంగి పీల్చి చూశాను, దగ్గు రాలేదు. దిష్టి గట్టిగా తగిలితే ఘాటు రాదని మావైపు నమ్మకం.

"చూసినావా బావా, ఎంత దిష్టి ఉండాదో!"

సరిగ్గా అప్పుడే ఫోనులో పిల్ల దగ్గసాగింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, "అమ్మా, ఘాటు! ఏం కాల్చినావే?" అంటూ తలుపు తోసుకుని బయటికి పరుగెత్తింది. మమ్మల్ని ఆట పట్టిస్తోందని అనుకున్నాం.

మరుసటి ఏడు శ్రావణంలో, తిరిగివచ్చి ప్రయోగశాలలో ఉన్న ఆమె నాకు ఫోను చేసింది. ఆ వారపు కాగితం మీద మసి ఉందట. జనరేటరు పొగేమోనని కొలిపించారు. డీజిలు కాదు, ఈమధ్యనే పెరిగిన మొక్క కాలిన మసి అని ఐసోటోపులు చెప్పాయి. ఆ మంచులో చెట్టూ చేమా లేవు. అక్కడి వంటగది దూరాన, గాలి యంత్రం వైపు వీచని దిక్కున ఉంది. నిబంధన మీరి ఈమే ఏదో కాల్చిందని పరిశోధన చేయించే గురువుకు అనుమానం. అది నిలిస్తే ఏడాది కాగితాలన్నీ చెత్తబుట్ట పాలవుతాయి.

"పెద్దనాయనా, నువ్వు అబద్ధం చెప్పవు. ఆ పొద్దు మీకు ఘాటు తగిలిందా?"

"లేదమ్మా."

"అమ్మ నీ పేరే చెప్తాంది. నేను నమ్మను లే," అన్నది.

నేనూ నమ్మనన్నాను. సెల్‌ఫోనులో మాట పోతుంది, బొమ్మ పోతుంది; పొగ పోదు. మరి ఆ మసి ఎక్కడిదో, మా పెరటిలో ఘాటు ఏమయిందో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

భాద్రపద శుద్ధ ఏకాదశి నాడు, ముందు వెనుకల కాగితాలు శుభ్రంగా ఉన్నందున, గురువు ఆ ఒక్కదాన్ని తొలగించి తక్కినవన్నీ అంగీకరించాడు. కార్తీక బహుళ పంచమి నాడు ఆమె మళ్ళీ ధ్రువానికి బయలుదేరింది. ముందురోజు ఊళ్ళోని బంధువుల ఇళ్ళన్నిటికీ వెళ్ళి చెప్పి వచ్చింది. మా ఇంటికి రాలేదు.